గొంతు నమ్మొద్దు

అన్న స్నానంలో ఉన్నాడు. ఏదో కొత్త నంబరు నుంచి అతని ఫోను మోగితే వదినే ఎత్తింది.

“వదినా, నేను! ఏటీఎం మిషను నా కార్డు మింగేసింది. ఇంటి ఓనరు సామాను వీధిలో పడేశాడు. ఈ ఫోను ఎవరిదో. నా పేరున కాస్త డబ్బు పంపమని అన్నకు చెప్పు, మనీ ట్రాన్స్‌ఫర్ కౌంటర్లో తీసుకుంటా.” విదేశంలో చదువుతున్న మరిది ఏడుస్తున్నాడు.

“డబ్బడిగితే గుర్తుమాట చెప్పాలి కదా. చెప్పు.”

“బుడంకాయ! బుడంకాయ, వదినా!”

వదిన ఫోను పెట్టేసి, ఆ నంబరును బ్లాక్ చేసింది.

“ఎవరే?” తల తుడుచుకుంటూ వచ్చాడు అన్న.

“ఎవడో దొంగవెధవ. అచ్చం మీ తమ్ముడి గొంతేనండీ. గుర్తుమాట మాత్రం తప్పు చెప్పాడు.”

“శభాష్! గొంతు నమ్మొద్దని వెళ్లేముందు వాడే కదా చెప్పాడు! నిజంగా వాడైతే ‘బుడంకాయ’ అనేవాడు.”

మరిది ఫీజు కోసం గాజులు అమ్మేసిన బోసి చేతులతో వదిన కాఫీ అందించింది.