తల తినే పాప

సుహాసిని, శ్రీకర్ నాలుగేళ్ల చిన్మయిని తీసుకుని కాకినాడ నుంచి ఫిన్లాండ్ వచ్చి నెలైంది. అక్కడ అందరి చెవుల్లోనూ అనువాద గుళిక ఉంటుంది. ఎవరేం మాట్లాడినా మనకు మాటకు మాటగా మన భాషలోనే వినిపిస్తుంది.

శుక్రవారం పొద్దున్నే శిశు సంక్షేమ అధికారిణి ఐనో వచ్చి గంభీరంగా కూర్చుంది.

“మీ పాప రోజూ మీ తల తింటుందట. బడిలో తనే చెప్పింది.”

పాపను తీసుకుపోతారేమోనని సుహాసిని చిన్మయిని గట్టిగా పట్టుకుంది.

“అయ్యో, అది ఊరికే అన్న మాటండీ! అప్పుడప్పుడూ ప్రాణం తోడేస్తుంది, అంతే!”

ఐనో పాప వైపు చూసి కుర్చీ వెనక్కి జరుపుకుంది.

శ్రీకర్ పరుగున వచ్చాడు. “తల తినడమంటే విసిగించడమండీ. మావైపు అలాగే అంటాం.”

ఐనో ముఖం ఎర్రబడింది. “క్షమించండి. నా నోట్లోంచి కప్ప దూకేసింది.”

సుహాసిని కాళ్లు సోఫా మీదకి లాక్కుంది. చిన్మయి సోఫా కింద వెతకడం మొదలుపెట్టింది.

“కప్పంటే... మా భాషలో పొరపాటు మాట!” అని ఐనో పకపకా నవ్వి, గుళిక తీసి బల్ల మీద పెట్టింది. సుహాసిని కూడా తీసేసింది.

“కహ్వీ?” అంది ఐనో, కప్పు ఎత్తి తాగుతున్నట్టు చేయి చూపిస్తూ.

సుహాసినికి ఆ దేశపు భాషలో అర్థమైన మొదటి మాట అదే. వెంటనే లేచి కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టింది.