కుడి దవడ

“మామూలు ఎక్స్‌రే చాలంటే వినవు కదా!” ఆటో కుందలహళ్ళి గేటు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కోగానే లలిత్ మళ్ళీ మొదలుపెట్టాడు. “పళ్ళకి క్లిప్పులేసుకోడానికి తలంతా త్రీడీలో తీయించాలా?”

“తీయించడం అయిపోయిందిగా,” అంది కాత్యాయని, రోడ్డు వంక చూస్తూ.

రెండు వారాలుగా లలిత్‌కి కంటిమీద కునుకు లేదు. కాత్యాయని పై పళ్ళూ కింది పళ్ళూ కలవడం లేదనీ, దవడ ఓ పక్కకి లాగినట్టుందనీ, త్రీడీ స్కాన్ చూశాకే వైద్యం మొదలుపెడతాననీ పళ్ళ డాక్టర్ ప్రమీల చెప్పిన రోజు నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఆ స్కాన్ ఊళ్ళోకి ఈమధ్యే వచ్చింది. ఎముకని బొమ్మలా అన్ని వైపులా తిప్పి చూపిస్తుందట. ఆఫీసులో పని మానేసి ఇంటర్నెట్‌లో దాని గురించి చదివినకొద్దీ అతనికి దడ ఎక్కువైంది. ఏం బయటపడుతుందో ఏమో!

భార్యంటే పట్టనివాడు కాదు పాపం. ఆమె నమలలేకపోతోందని ఈ ఊరి రాగిముద్ద చేయడం తనే నేర్చుకున్నాడు. ముద్దని నమిలే పని లేదు, పులుసులో ముంచి మింగడమే. “ఇలాంటి మొగుడు ఎవరికి దొరుకుతాడే!” అంటుంది ఎదురింటి శ్రీజ. కాత్యాయని నవ్వి ఊరుకుంటుంది.

క్లినిక్‌లో కౌంటర్ దగ్గర కూర్చునే సుంకమ్మ, స్కాన్ సెంటర్ పంపిన సీడీ అందించింది. లలిత్ చెయ్యి చాచాడు.

“ఎడం చేత్తో వద్దప్పా. మంచి పనికి వచ్చినారు, కుడిచేత్తో తీసుకో.”

అతను నాలిక్కరుచుకుని చెయ్యి మార్చాడు. “ఏం చేయమంటావు పెద్దమ్మా, ముందు అదే లేస్తుంది,” అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

లోపల డాక్టర్ సీడీ పెట్టగానే తెర మీద కాత్యాయని పుర్రె మెల్లగా తిరగసాగింది. లలిత్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

“గడ్డలాంటిదేమీ లేదు కదా డాక్టర్?”

“అట్లాంటిదేం లేదప్పా, భయపడద్దు.”

అతనికి ప్రాణం లేచొచ్చింది. మరో నిమిషంలో బొమ్మ ఆగిపోయింది.

“ఈ కుడి దవడ మూల చూడండి,” అంది డాక్టర్. “ఇక్కడ ఎముక విరిగి, దానంతటదే వంకరగా అతుక్కొని ఉండాది. అందుకే పళ్ళు కలవడం లేదు. క్లిప్పులొకటే చాలవు, ఆపరేషన్ కూడా ప్లాన్ చేయాల. మామూలు ఎక్స్‌రేలో ఇంత క్లియర్‌గా తెలిసేది కాదు.”

“చిన్నప్పుడు బాత్‌రూమ్‌లో జారిపడిందిలెండి,” అన్నాడు లలిత్ వెంటనే.

“చిన్నప్పటిదయితే ఎదిగే ఎముక కదా, చానా మటుకు సర్దుకునేది. ఇది పెద్దయినాక తగిలిందే. జారిపడితే గడ్డం కొట్టుకొని చెవి దగ్గర విరుగుతుంది మామూలుగా. ఇది పక్క నుంచి తగిలిన దెబ్బ.” డాక్టర్ కుర్చీ కాత్యాయని వైపు తిప్పుకుంది. “ఎట్లా తగిలిందమ్మా?”

“తనకి సరిగ్గా గుర్తులేదు డాక్టర్. నేను చెప్తాను...”

“దవడ ఆమెది కదప్పా. ఆమెనే చెప్పనీండి.”

లలిత్ భార్య భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె ఆ చేతిని మెల్లగా తీసి పక్కన పెట్టింది. తెర మీద, తన దవడ మీద వంకరగా పోతున్న గీతనే కాసేపు చూసింది.

“మా ఆయనది ఎడమచేతి వాటం, డాక్టర్.”