విన్న గొంతులు

"ఇంకొక్కటి పెట్టవూ, నాయనా?" అంది మామ్మ.

లైబ్రరీలో గొంతుల గది చూసుకునే టెక్నీషియన్‌కి ఒళ్లు మండింది.

మిల్లు తగలబడ్డప్పుడు బతికి బయటపడ్డవాళ్ల మాటలూ, పోయినవాళ్ల ఇంటివాళ్ల మాటలూ రికార్డు చేసి ఆ గదిలో డిస్కుల్లో దాచారు. ఏళ్లుగా వాటి మొహం చూసినవాళ్లు లేరు, ఈ మామ్మ తప్ప.

వరసగా ఒక్కో గొంతూ వినేది. మధ్యలో కళ్లజోడు తీసి తుడుచుకునేది. ఏదీ సగంలో ఆపేది కాదు.

ఆమె వింటున్నప్పుడల్లా తెరమీద ఎర్రగా ఒక హెచ్చరిక పడేది, డిస్కు చదవడంలో లోపమని. గొంతు మాత్రం ఆగేది కాదు.

ఇలాగే సాగితే తన కొంప మునుగుతుందని అతని భయం.

"మామ్మగారూ, మీరిలా పాతవన్నీ తవ్వుతుంటే డిస్కులు పాడైపోతున్నాయి. ఇక రాకండి."

"నావల్లా?" ఆమె మొహం పాలిపోయింది. "ఇంకా సగంమంది ఉన్నారు కదా, నాయనా."

"వాళ్లెక్కడికీ పోరులెండి."

హెడ్‌ఫోన్లు బల్లమీద మెల్లగా పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

వానలు వెనకబట్టాక ఒక డిస్కు పూర్తిగా చచ్చిపోయింది. కొత్తది పెట్టారు. ఒకటి పోయినా మిగతావాటి నుంచి తిరిగి రాబట్టుకునేలా గొంతులన్నీ డిస్కులకి పంచి దాచారు కనక, మిగతా డిస్కులు చదివి దాన్ని నింపాలి. ఆ పని మధ్యలోనే ఆగిపోయింది.

పెద్ద ఇంజనీరమ్మ వచ్చి చూసింది.

"మిగతా డిస్కులు కూడా ఎవరూ చదవనిచోట లోలోపలే చెడిపోయాయి. ఒక డిస్కు పోయాక ఇక వాటిని సరిచేసే దారి లేదు. ఆ గొంతులు పోయినట్టే."

"అన్నీనా మేడమ్?"

"లేదు. మొదటి సగం నిక్షేపంలా ఉంది. ఎవరో వరసగా విన్నారు. వింటున్నప్పుడు చెడ్డ ముక్క తగిలితే, సాఫ్ట్‌వేర్ మిగతా డిస్కుల సాయంతో దాన్ని అక్కడే మళ్లీ రాసేస్తుంది. అప్పుడు తెరమీద పడ్డ హెచ్చరికలన్నీ ఇందులో నమోదయ్యాయి, అవన్నీ అలా బాగుపడ్డ ముక్కలే. ఎవరోగానీ పుణ్యాత్ములు."



"ఆ మామ్మని నేనే రావద్దన్నాను" అన్నాడతను.

ఆ సాయంత్రమే లైబ్రరీ రిజిస్టర్లో మామ్మ అడ్రసు చూసి, వెతుక్కుంటూ వెళ్లాడు. మామ్మ కూతురు తలుపు తీసింది.

"అమ్మ పోయి నెల దాటింది బాబూ."

అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"మంచాన పడ్డాక కూడా ఆ మిల్లువాళ్ల మాటలే చెప్పేది" అందామె.

"ఆ మంటల్లో మీవాళ్లెవరు పోయారమ్మా?"

"మావాళ్లెవరూ పోలేదు" ఆమె తల దించుకుంది. "ఆ రోజు మిల్లు తలుపుకి బయటినుంచి తాళం వేసింది మా నాన్న."