చింతపండుతో తోమిన నాణెం

"చూడు నౌమాన్ భాయ్, ఎట్ల మెరుస్తుందో!" లింబాద్రి రాగి నాణేన్ని గాజు బల్ల మీద పెట్టి మీసం దువ్వాడు.

గల్ఫ్ యుద్ధం ముగిసి ఇంటికి పోతున్న అమెరికా సిపాయి ఒకడు, సౌదీలోని జుబైల్‌లో తన ట్రక్కుకు వెల్డింగ్ చేసిన లింబాద్రికీ పోశెట్టికీ చెరొకటి ఇచ్చాడు. ఎనభై ఏళ్ళ కిందటే ముద్రించడం మానేసిన అమెరికా సెంటు నాణేలవి.

అల్ ఖోబర్‌లో గడియారాలు బాగుచేసే హైదరాబాదీ నౌమాన్ పాత నాణేలు కూడా కొంటాడు. భూతద్దంలో చూసి తల కొట్టుకున్నాడు.

"దేనితోని తోమినవ్?"

"చింతపండుతోని. వారం దినాలు! ఇంటికాడ దేవుని చెంబులు నేనే తోముతుంటి."

"అరె లింబాద్రీ! పాత పైసకు ఆ నలుపే ఇజ్జత్. పోయిన జుమ్మాకు, నువ్వు తోమక ముందు, మూడొందల రియాళ్ళ మాల్ ఇది. ఇప్పుడు పది కూడా రాదు."

లింబాద్రి మీసం మీంచి చెయ్యి తీసేశాడు. వెంట వచ్చిన, తాగిన గ్లాసు కడగడానికే ఒళ్ళు బరువయ్యే అతని రూంమేటు పోశెట్టి, నసుగుతూ జేబులోంచి తన నాణెం తీశాడు. నల్లగా, జిడ్డుగా ఉంది.

"అన్న రోజూ తిట్టిండు తోమమని. బద్ధకమైంది భాయ్."

నౌమాన్ దాన్ని కళ్ళకద్దుకుని మూడొందలు చేతిలో పెట్టాడు.

బయటికొచ్చాక పోశెట్టికి జాలేసింది. "బాధపడకన్నా. నెల సంది కడుగని నా చాయ్ గ్లాసు, రూంకు పోంగనే కడుగుత."

లింబాద్రి గబుక్కున అతని చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దురా తమ్మీ, ముట్టకు! ఎవనికెరుక, అది రేపు ఎంత పలుకుతదో!"