పాయింట్ రెండు మోల్స్

ఆ పొద్దున గోదావరిఖనిలో నరసింహమూర్తి సార్ ఇంట్లో సంతోషికి కనిపించినవాళ్లు ముగ్గురు: కుర్చీలో కాలు మీద కాలేసుకున్న పెద్దమనిషి, ఆయన పక్కన నోట్‌బుక్‌తో ఒక అమ్మాయి, వంటింట్లో మిక్సీ తిప్పుతున్న ఒకామె.

సంతోషి గుమ్మం దగ్గరే ఆగింది. "నమస్తే సార్. కెమిస్ట్రీ ట్యూషన్ల ఒక్క సీటుందని చెప్పిన్రు."

సార్‌ను ఆమె ఎన్నడూ చూడలేదు. ఒకే ఒక్క లెక్క అడిగి చేర్చుకుంటారని మాత్రం విన్నది. ఈ సీటు దొరక్కపోతే సైన్సు మానేసి వేరే గ్రూపు తీసుకొమ్మని నాయిన ఖరాఖండిగా చెప్పి డ్యూటీకి పోయాడు.

కుర్చీలోని పెద్దమనిషి ఆమెను పాదాల నుంచి జడ దాకా చూశాడు. "ఇంతకుముందు ఎక్కడ చదివావు?"

"మా అవ్వ దగ్గరుండి, ఊర్ల సర్కారు బడిల."

"అబ్బో! సరస్వతీదేవే నడిచొచ్చిందన్నమాట." అమ్మాయి చేతిలోని నోట్‌బుక్ లాక్కున్నాడు. "రెండు మోలార్ యాసిడ్, అంటే లీటరుకు రెండు మోల్స్; తీసుకున్నది వంద మిల్లీలీటర్లు. నీళ్లు పోసి ఐదు వందలు చేశాం. ఇప్పుడు అందులో యాసిడ్ ఎన్ని మోల్స్? సుహాసినీ, ముందు నువ్వు చెప్పు."

"ఐదింతలు పలచనైంది కదా నాన్నా... పాయింట్ సున్నా నాలుగు?"

నోట్లో నాలుక లేని పిల్ల సంతోషి. తల వంచుకునే చెప్పింది. "పాయింట్ రెండు సార్. నీళ్లు పొయ్యకముందు ఎంతనో, గిప్పుడు గూడ గంతే."

"అన్ని నీళ్లు పోసినా తగ్గదా? మీ ఊరి నీళ్ల మహిమా?"

"చారుల నీళ్లు పోస్తే చప్పగైతది సార్. ఏసిన ఉప్పు యాడికి పోతది? గిన్నెలనే ఉంటది."

సుహాసిని పెన్సిల్ కొరకడం ఆపింది. "అవును కదా నాన్నా!"

"నువ్వూరుకో!" ఆయన మొహం జేవురించింది. నోట్‌బుక్ టప్పున మూశాడు. "చారు కాచే బుర్రకు మోల్స్ ఎందుకమ్మాయ్? ఇంటికెళ్లి ఆ ఉప్పే చూసుకో."

"ఇంకో లెక్క అడుగుండ్రి సార్. ఒక్కటే ఒక్కటి."

"తప్పు చెప్పినవాళ్లకు రెండోది ఉండదు. సీటు లేదు, వెళ్లు."

సంతోషి మెట్లు దిగుతూ వేళ్ల మీద లెక్క మళ్లీ చేసుకుంది. మళ్లీ పాయింట్ రెండే వచ్చింది. అయినా సార్‌కంటే తనకు ఎక్కువ తెలుస్తుందా? కళ్లు తుడుచుకుంది.

వెనక తలుపు ధడాలున పడింది.

లోపల, అప్పుడే స్నానం చేసి వచ్చిన నరసింహమూర్తి సార్ అడిగారు: "మీ అమ్మాయి టెస్టుకు తయారేనా, రవికాంత్ గారూ?"