కుబుసం విడిచే పూట

పానకాలు ఒక గాజు పెట్టెలో పెద్ద సాలీడును పెంచేవాడు. పెంపకమంటే ఆదివారం ఆదివారం మూత తీసి, బతికున్న కీచురాయిని లోపల పడేసి, మూత పెట్టడమే అనుకునే రకం అతను.

ఒక ఆదివారం సాలీడు కుబుసం విడుస్తూ వెల్లకిలా పడి ఉంది. అప్పుడు దాని ఒళ్లు వెన్నముద్ద, కోరలకు పదును ఉండదు. పానకాలు అటు చూడకుండానే కీచురాయిని వేసి పోయాడు.

కీచురాయి మూలకి నక్కింది. "నన్ను చంపకు తల్లీ, నీ జోలికి రాను."

"ఈ పూటకి నిన్ను ముట్టుకోను, పో," అంది సాలీడు దర్జాగా.

సాయంత్రానికి కీచురాయికి ఆకలేసింది. పెట్టెలో గడ్డిపరక కూడా లేదు. మెల్లగా వచ్చి సాలీడు కాలు కొరికి చూసింది. సాలీడు కదల్లేదు. ఇంకో కాలు కొరికింది.

"మాట ఇచ్చావు కదే!" అని ఏడ్చింది సాలీడు.

"ఇచ్చాను. అప్పుడు నువ్వు లేస్తావనుకున్నాను."

మళ్లీ ఆదివారం పానకాలు మూత తీసి, దాదాపు డొల్లగా మిగిలిన సాలీడు ఒంటిని పైపైన చూశాడు. "ఓహో, కుబుసం విడిచిందన్నమాట! ఇక మంచి ఆకలి మీదుంటుంది," అని మురిసిపోయి, ఈసారి రెండు కీచురాళ్లను వేశాడు.

అవి వణుకుతుంటే, బలిసిన పాత కీచురాయి పక్కకి జరిగి చోటిచ్చింది.

"రండి, భయం లేదు. ఇంకా కొంచెం మిగిలింది."