నేను నవ్వలేదు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రజలకు ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా: మొన్న శనివారం కాఫీ షాపులో, వారం వారం జరిగే కుర్రకారు ఓపెన్ మైక్‌లో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

ముప్పై ఏళ్లుగా ఈ మూడు ఊళ్ల పెళ్లిళ్లలో నవ్వించేది నేనే. ఆ రోజు నా మేనకోడలు వైష్ణవి మైకు పట్టుకుని నన్నే అనుకరించింది. జోకు చెప్పకముందే పగలబడి నవ్వి, ఆనక జోకే మరిచిపోయే నన్ను! జనం బల్లలు చరిచారు. నాకెవరూ ఏనాడూ చరచలేదు. కడుపు మండిపోయింది.

దిగొచ్చి అడిగింది. "ఎట్లుంది మామా? కండ్లల్ల ఆ నీళ్లేంది?"

"కాఫీ మస్తు చేదున్నది బిడ్డా."

ఇందులో నవ్వలేదన్న ముక్క నేను కల్పించింది. ఆ నీళ్లు పొట్ట పట్టుకుని నవ్వితే వచ్చినవి. కడుపుమంట మాత్రం అసలుదే.